40 మిల్లీమీటర్ల భరిణె మీద 24 రేకలు: ఒక పెచ్చు చెక్కుడు పని వివరం

ఆషాఢం మొదటి వారంలో ఒక ఇంటివారు నా దగ్గరికి వచ్చి, శ్రావణ శుక్రవారం వాయనంలో తాంబూలంతో పాటు ఇవ్వడానికి 9 చెక్క కుంకుమ భరిణెలు కావాలని అడిగారు. బజారులో దొరికే లక్క భరిణెలు వారికి తెలుసు. అవి నున్నగా, నిండు రంగుతో అందంగా ఉంటాయని ఒప్పుకుంటూనే, వీటి మీద మాత్రం చేత్తో చెక్కిన పువ్వు ఉండాలన్నారు. నేను పలకల మీద, పెట్టె మూతల మీద పెచ్చు చెక్కుడు పని చేస్తూ చాలా కాలమైంది కనుక వెంటనే ఒప్పుకున్నాను. పలక మీద వచ్చిన పని గుండ్రటి దాని మీద రాకపోతుందా అనుకున్నాను. మొదటి భరిణె పాడయ్యాక గాని ఆ ధీమా ఎంత తప్పో తెలిసిరాలేదు. తొమ్మిదీ పూర్తయ్యేసరికి ఏం నేర్చుకున్నానో, ఎక్కడ ఎందుకు తప్పానో కొలతలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

పెచ్చు చెక్కుడు అంటే ఉలి, సుత్తి లేకుండా, బొటనవేలంత అలుగు ఉన్న చిన్న కత్తితో చెక్కను ఏటవాలుగా రెండు మూడు వైపుల నుంచి కోసి, మధ్యలోని ముక్కను పెచ్చుగా లేపేయడం. రెండు కోతలతో రేక ఆకారం, మూడు కోతలతో త్రికోణపు గుంట వస్తాయి. ఈ రెంటినీ కూర్చితే పువ్వులు, చక్రాలు, గొలుసులు పుడతాయి. ఉత్తర ఐరోపాలోనూ, స్విట్జర్లాండులోనూ ఈ పని బాగా వేళ్లూనుకుంది. నార్వేలో పెళ్లి నిశ్చయమైన అమ్మాయికి అబ్బాయి చెక్కి ఇచ్చే బట్టలు సాపు చేసే పలక ఇలాంటి నగిషీతోనే నిండి ఉండేది. పలక అన్న మాటను గమనించాలి. ఈ పని నేర్పే కొలతలు, కోణాలు చాలా వరకు చదునైన చెక్క కోసం ఏర్పడినవే. కత్తిని చెక్కకు 65 డిగ్రీల వాలులో పట్టుకోవాలన్న సూత్రం అలాంటిదే. నా చేయి ఎన్నో ఏళ్లుగా ఆ 65కే అలవాటు పడి ఉంది.

చెక్క, దాని తీరు

తరిణి (కర్రను గుండ్రంగా తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) పట్టిన భరిణెలను ఏటికొప్పాక నుంచి తెప్పించుకున్నాను. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి చాలామందికి తెలుసు. నాకు అక్కడి బొమ్మల కంటే వారు వాడే అంకుడు కర్ర ముఖ్యం. అది తెల్లగా, దంతం రంగులో, నార సన్నగా ఒత్తుగా ఉండి, మెత్తగా కోతకు లొంగుతుంది. ఐరోపా వారు ఈ పనికి ఎంచుకునే లిండెన్ చెక్కలో ఏ గుణాలు చూస్తారో, అవన్నీ అంకుడులో ఉన్నాయని నా అనుభవం. టేకు మీద ఈ పని చేసి వేళ్లు నొప్పి పుట్టించుకున్నవారికి అంకుడు ఒక వరం.

భరిణె అడ్డుకొలత 40 మి.మీ., ఎత్తు మూత లేకుండా 34 మి.మీ., గోడ మందం 6 మి.మీ. మూత గుబ్బ లేకుండా గుమ్మటంలా ఉంటుంది. తరిణి మీద కర్రను పొడవునా పట్టి తిప్పుతారు కనుక నార భరిణె అడుగు నుంచి మూత నెత్తి వరకు నిలువుగా ఉంటుంది. అందువల్ల భరిణె నడుము మీద పొడవు నార, మూత నెత్తి మీద నార చివరలు తేలిన అడ్డకోత ముఖం వస్తాయి. ఒకే వస్తువు మీద రెండు రకాల చెక్క ఉన్నట్టే. ఈ ఒక్క విషయం ముందే ఆలోచించి ఉంటే నాకు సగం కష్టం తప్పేది.

నగిషీ చాలా సాదాది. నడుము చుట్టూ 16 మి.మీ. ఎత్తున్న 24 నిలువు రేకలు పక్కపక్కనే ఆనుకొని నిలబడతాయి. వాటి పైనా కిందా 3 మి.మీ. త్రికోణాల వరుస ఒక్కొక్కటి ఉంటుంది. మూత నెత్తి మీద ఆరు రేకల పువ్వు ఉంటుంది. మూత అంచు దగ్గర, గిన్నె అంచు దగ్గర 3 మి.మీ. పట్టీ ఏమీ చెక్కకుండా వదిలాను. మూత తిప్పి పెట్టినప్పుడు పై వరుస, కింది వరుస కలవకపోతే కంటికి ఇబ్బందిగా ఉంటుంది. మధ్యలో ఖాళీ పట్టీ ఉంటే ఆ లోపం కనబడదు.

చుట్టుకొలత 125.7 మి.మీ. కనుక ఒక్కో రేకకు 5.24 మి.మీ. వస్తుంది. దీన్ని కంపాస్‌తో అడుగులు వేసుకుంటూ గుర్తించకూడదు. 24 అడుగులలో ఒక్కోదానికి పదో వంతు మిల్లీమీటరు తప్పినా చివరికి సగం రేక మిగులుతుంది. కాగితపు పట్టీని నడుముకు చుట్టి, రెండు చివరలు కలిసిన చోట కత్తిరించి, దాన్ని మూడుగా మడిచి ఆపై మూడుసార్లు సగానికి మడిస్తే 24 భాగాలు తప్పులేకుండా వస్తాయి. నిలువు గీతలకు ఒక చెక్కముక్క మీద పెన్సిల్‌ను భరిణె ఇరుసు ఎత్తులో కట్టి, భరిణెను పడుకోబెట్టి, పెన్సిల్ చెక్కను బల్ల మీద జరిపాను. చేత్తో గీసిన నిలువు గీత గుండ్రటి దాని మీద ఎప్పుడూ ఒక పక్కకు ఒరుగుతుంది.

మొదటి భరిణె

మొదటి భరిణెను అలవాటైన 65 డిగ్రీలతోనే చెక్కాను. ఆరేడు రేకలు పూర్తయ్యేసరికి రెండు లోపాలు కనిపించాయి. పక్కపక్క రేకల మధ్య మిగిలిన గట్టు గోరు తగిలితేనే నారగా చీలి లేచిపోతోంది. లోపలికి దీపం పెట్టి చూస్తే రేకల అడుగున వెలుతురు ఎర్రగా కనిపిస్తోంది. రెండు చోట్ల ఏకంగా చిల్లు పడింది. కత్తి మొద్దుబారిందేమోనని సానరాయి మీద, తోలు పట్టీ మీద మళ్లీ పదును పెట్టి చూశాను. ఫలితం మారలేదు. అప్పుడు కత్తి కింద పెట్టి కాగితం తీశాను.

చిల్లు సంగతి సులువుగానే తేలింది. 5.24 మి.మీ. వెడల్పు రేకలో రెండు కోతలూ 65 డిగ్రీలలో దిగితే అవి కలుసుకునే లోతు 5.6 మి.మీ. గోడ మందం 6 మి.మీ. కదా, ఇంకా 0.4 మిగలాలి అనిపిస్తుంది. కానీ కోతలు మొదలయ్యే రెండు గట్లు రేక నడుమ కంటే కొంచెం పల్లంలో ఉంటాయి, ఎందుకంటే ఒంపు ఇరువైపులా కిందికి దిగుతుంది. ఆ తేడా 0.17 మి.మీ. దాన్నీ తీసేస్తే గోడలో మిగిలేది 0.2 మి.మీ. మాత్రమే. అంత పలుచటి చెక్కలో చేయి కాస్త తూలితే చిల్లు పడక ఏమవుతుంది?

గట్టు సంగతి మాత్రం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. పలక మీద రెండు గుంటలు 65 డిగ్రీల వాలులో పక్కపక్కనే దిగితే మధ్య గట్టు మొన కోణం 180లో నుంచి రెండు 65లు తీసేయగా 50 డిగ్రీలు ఉంటుంది. గుండ్రటి దాని మీద అలా ఉండదు. ప్రతి రేకా తన పక్క రేక కంటే కొంత తిరిగి ఉంటుంది. 24 రేకలైతే ఆ తిరుగుడు 360ని 24తో భాగిస్తే వచ్చే 15 డిగ్రీలు. రెండు గుంటలూ ఒకదానికొకటి ఎడంగా బయటికి విప్పారి ఉండటంతో వాటి గోడలు గట్టు అడుగున లోపలికి ఒరుగుతాయి. గట్టు మొన సరిగ్గా ఆ 15 డిగ్రీలు కోల్పోయి 35 డిగ్రీలకు పడిపోతుంది. 35 డిగ్రీల మొన ఉన్న మెత్తటి అంకుడు గట్టును వేలితో నొక్కితే నలిగిపోతుంది. ఇందులో నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఏమిటంటే, ఈ నష్టానికి వస్తువు పెద్దదా చిన్నదా అన్నదానితో సంబంధం లేదు. చుట్టూ ఎన్ని రేకలు వేశామన్నదే లెక్క. 12 రేకలు వేస్తే గట్టు 30 డిగ్రీలు పోగొట్టుకుంటుంది. 36 వేస్తే 10 డిగ్రీలే. గిన్నె లోపలివైపు చెక్కితే దీనికి పూర్తిగా వ్యతిరేకం జరిగి గట్టు లావెక్కుతుంది.

పలక మీది 50 డిగ్రీల గట్టు తిరిగి రావాలంటే కత్తిని 57.5 డిగ్రీలకు వాల్చాలి. అప్పుడు లోతు 4.1 మి.మీ. అవుతుంది, గోడలో 1.7 మిగులుతుంది. రెండో భరిణెను ఆ లెక్కతో చెక్కాను. గట్టు నిలిచింది. కానీ రోజూ చేతులు పడే వస్తువుకు ఆ గోడ పలుచనే అనిపించింది. మూడో దాన్ని 50 డిగ్రీలతో మొదలుపెట్టాను. లోతు 3.1 మి.మీ., మిగిలే గోడ 2.7 మి.మీ., గట్టు మొన 65 డిగ్రీలు. తక్కిన భరిణెలన్నీ ఆ కొలతతోనే చేశాను. దీనికి చెల్లించుకున్న మూల్యం నీడ. పెచ్చు చెక్కుడు అందమంతా గుంటలో పడే నీడలోనే ఉంది. కోత లోతు తగ్గితే నీడ పలుచనై నగిషీ దూరం నుంచి తేలిపోతుంది. ఆ లోటును రంగుతో తీర్చవలసివచ్చింది. దాని గురించి కింద చెబుతాను.

కోణం తగ్గించాలని తెలిసినా 65కు అలవాటు పడిన చేయి దానంతటదే 65కే పోతుంది. అట్టముక్కను 50 డిగ్రీల త్రికోణంగా కత్తిరించి, ప్రతి నాలుగైదు రేకలకు ఒకసారి దాన్ని భరిణెకు ఆనించి అలుగును సరిచూసుకున్నాను. పిల్లల పనిలా అనిపించినా, మూడో భరిణె తర్వాత గాని ఆ అట్ట అవసరం తీరలేదు.

నార వాటం

భరిణెలు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు, తరిణి పట్టిన పెద్దాయనకు నేను చేయబోయే పని గురించి చెప్పాను. ఆయన ఒక భరిణెను చేతిలో తిప్పి చూసి, "నడుం దగ్గర మొదలెట్టి చివరికి దించండి బాబూ, చివర నుంచి నడుం మీదికి ఎక్కించారా, నార లేచిపోద్ది" అన్నారు. తరిణి మీద ఉలిని లావు నుంచి సన్నానికి దించడం వారికి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ మాటను అప్పుడు తలూపి వదిలేశాను. కత్తి పని వేరు అనుకున్నాను.

వేరు కాదు. భరిణె నడుము ఉబ్బి ఉంటుంది, పైకీ కిందికీ సన్నబడుతుంది. నిలువు నార ఉన్న చెక్కలో కత్తి లావు నుంచి సన్నం వైపు పోతున్నంతసేపు నార దాని కింద ఆసరాగా ఉంటుంది. సన్నం నుంచి లావు వైపు పోతే ఎదురు నార తగిలి, కత్తి కోయడం మాని చీల్చడం మొదలుపెడుతుంది. పలక మీద ఒక రేకకు రెండు కోతలు చాలు. ఇక్కడ ప్రతి కోతనూ నడుము దగ్గర మొదలుపెట్టి ఒకసారి పైకి, ఒకసారి కిందికి దించాలి. అంటే రేకకు నాలుగు కోతలు, నడుము చుట్టూ 96 కోతలు. పైకి పోయే కోత, కిందికి పోయే కోత కలిసే చోట సన్నటి మెట్టు మిగిలే ప్రమాదం ఉంది. రెండో కోతను మొదటి దాని గాడిలోకి 2 మి.మీ. వెనక్కు జరిపి మొదలుపెడితే ఆ మెట్టు రాదు. మొదటి భరిణె మీద నేను పైనుంచి కిందికి ఒకే లాగున లాగాను. గట్లు చీలడానికి కోణంతో పాటు ఇది కూడా కారణమే.

ఇంకొక జాగ్రత్త ఉంది. ఇప్పటికే ఒకవైపు గుంట దిగిన గట్టుకు రెండోవైపు కోసేటప్పుడు, ఆ గట్టును ఆనుకున్న కోతనే ముందు వేయాలి. పెచ్చు ఇంకా లోపల ఉన్నప్పుడు అది గట్టుకు దన్నుగా ఉంటుంది. అవతలి కోత ముందు వేసి పెచ్చు కదిలాక గట్టువైపు కోస్తే, గట్టు ఒరిగి విరుగుతుంది. పలక మీద ఇది మంచి అలవాటు మాత్రమే, ఇక్కడ తప్పనిసరి.

పట్టుకోవడం

పలక మీద చెక్కేటప్పుడు బొటనవేలి కణుపు ఎప్పుడూ చెక్కకు ఆని ఉంటుంది. కత్తి కోణాన్ని స్థిరంగా ఉంచేది ఆ ఆనుడే, మణికట్టు బలం కాదు. 40 మి.మీ. గుండ్రటి వస్తువు మీద వేలు ఆనడానికి చోటెక్కడిది? భరిణెను ఎడమచేత్తో పట్టుకొని చెక్కుదామని చూసి, బొటనవేలికి ఒక గాటు పెట్టుకున్నాను. ఆ తర్వాత భరిణె లోపలికి బిగుతుగా దిగేలా ఒక చెక్క బిరడా తిప్పించి, మధ్యలో కాగితపు పొర వేసి, బిరడా కాడను పట్టుకొయ్యలో బిగించాను. భరిణె బల్లకు సమాంతరంగా పడుకొని, బిరడాతో పాటు తిరుగుతుంది. దాని రెండు పక్కలా, భరిణె నడుము కంటే కొంచెం తక్కువ ఎత్తులో రెండు చెక్కముక్కలు బిగించాను. వేలి కణుపు ఆ ముక్కల మీద ఆనుతుంది. ఒక రేక కోశాక భరిణెను ఒక గీత మేర తిప్పితే తరవాతి రేక అదే ఎత్తుకు, అదే కోణానికి వస్తుంది. నిజానికి భరిణెను తిప్పేవారే అడుగున ఒక కాడ వదిలి పంపితే బిరడా శ్రమ ఉండేది కాదు. నేను అడగడం మరచాను.

లక్క

నీడ లోటును రంగుతో తీర్చడానికి లక్కను ముందే వేయించాను. తరిణి తిరుగుతుండగా లక్క కణికను ఒత్తితే రాపిడి వేడికి కరిగి చెక్కకు అంటుకుంటుంది, మొగలి ఆకుతో ఒత్తితే మెరుపు తేలుతుంది. ఈ పద్ధతి నున్నటి వస్తువుకే నప్పుతుంది. గుంటలు చెక్కాక లక్క ఒత్తితే అది గట్ల మీద పేరుకొని గుంటలను పూడుస్తుంది. కనుక ముందు లక్క, తర్వాత కత్తి అన్న వరుస తప్పదు. ముదురు ఎరుపు లక్కను కోసుకుంటూ పోతే లోపలి తెల్లటి అంకుడు బయటపడి, నీడ లేకపోయినా రేకలు దూరం నుంచి స్పష్టంగా కనిపిస్తాయి.

అయితే లక్క పెళుసు. మొదట తెచ్చిన మూడింటికి బొమ్మలకు వేసినంత మందాన లక్క ఉంది. కత్తి దిగగానే రేక కొనల దగ్గర లక్క పెంకుల్లా లేచింది. మిగిలినవాటికి ఒకే పలుచటి పూత అడిగి వేయించుకున్నాను. కత్తి మొనను ఎప్పుడూ లక్క పైనుంచి చెక్కలోకి దించాలి. లోపలి నుంచి బయటికి తీసేటప్పుడు మొన లక్కను కిందినుంచి ఎత్తకూడదు. వాన రోజుల్లో, ఉదయపు చల్లదనంలో లక్క ఎక్కువగా లేస్తోందని గమనించి, నడుము చుట్టూ కోతలను మధ్యాహ్నానికి మార్చుకున్నాను.

మూత

మూత నెత్తి మీద ఆరు రేకల పువ్వు పలక మీద అందరికీ వచ్చే బొమ్మే. కంపాస్‌ను విప్పి వృత్తం గీసి, అదే ఎడంతో వృత్తం మీద ఆరు అడుగులు వేస్తే మొదటి చోటికే వస్తాము. మూత మీద అలా వేస్తే ఆరో అడుగు మొదటి గుర్తును దాటి దాదాపు 2 మి.మీ. అవతల పడింది. కంపాస్ జారిందనుకొని తుడిచి మళ్లీ వేశాను, మళ్లీ అంతే. గుమ్మటం వ్యాసార్ధం 22 మి.మీ. నేను విప్పిన ఎడం 10 మి.మీ. నెత్తి మీద మొన ఆనించి గీసిన వృత్తం నెత్తికి కొంత కిందికి దిగి ఉంటుంది కనుక దాని నిజమైన వ్యాసార్ధం 9.74 మి.మీ. అంత చిన్న వృత్తం మీద 10 మి.మీ. అడుగులు వేస్తే ఒక్కొక్కటి 60 కాక దాదాపు 61.8 డిగ్రీలు నడుస్తుంది. ఆరు అడుగులకు దాదాపు 11 డిగ్రీలు ఎక్కువ. అడుగుల కోసం కంపాస్‌ను 9.74కు తగ్గించాక పువ్వు మూసుకుంది. నడుము గీతలను మూత మీదికి పొడిగించి నాలుగేసి గీతలకు ఒక రేక వేసినా సరిపోతుంది. చివరి నాలుగు మూతలకు నేను ఆ దారే పట్టాను.

అడ్డకోత ముఖం మీద పెచ్చులు నలిగి పొడిగా రాలాయి. ఐరోపా పద్ధతిలో నీళ్లు, స్పిరిట్ సగం సగం కలిపి చెక్కను తడిపితే నార మెత్తబడి కోత నున్నగా వస్తుంది. నేను అదే చేశాను. పక్కన లక్క పట్టీ ఉందని తెలిసి కూడా చేశాను. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. ఆ మూత అంచు జిగటగా మారి నా వేలిముద్రలతో సహా గట్టిపడింది. దాన్ని పారేశాను. తర్వాతి మూతలకు తడి గుడ్డతో వట్టి నీళ్లే అద్ది, నెత్తి మీద రేకల వెడల్పు 3 మి.మీ.కు తగ్గించి, ఒక్క కోతలో దించకుండా రెండు మూడు తడవలుగా లోతు చేశాను. నెత్తి దగ్గర గట్టు సన్నబడే సమస్య దాదాపు లేదు, ఎందుకంటే అక్కడ రేకలు పలక మీది రేకలలాగే ఒకే వైపు చూస్తుంటాయి. అంచుకు దిగేకొద్దీ అది పెరుగుతుంది.

ఉప్పుకాగితం చెక్కక ముందే వాడాలి. చెక్కాక వాడితే గట్లన్నీ మొద్దుబారతాయి. చివర మెత్తటి బ్రష్‌తో పొడి దులిపి, లక్కకు హాని చేయని తేనెమైనం పలుచగా పూశాను.

మొదటి భరిణెకు పూర్తిగా ఒక పగలు పట్టింది. తొమ్మిదోది రెండున్నర గంటల్లో అయింది. మొత్తం 11 భరిణెలు చెక్కితే 9 ఇవ్వగలిగాను; ఒకటి చిల్లు పడి, ఇంకొకటి మూత పోయి నా దగ్గరే ఉండిపోయాయి.

వాయనాలు అయ్యాక ఆ ఇంటి పెద్దావిడ తన వాడుకలో ఉన్న భరిణెను కార్తీకంలో తెచ్చి చూపించారు. రెండు ఫిర్యాదులు చెప్పారు. మొదటిది, మూత ఒక వైపు తిప్పి పెడితే సులువుగా, ఇంకోవైపు బిగుతుగా దిగుతోంది. వానాకాలపు తేమ ఆరాక చెక్క ఏ వైపూ సమానంగా కుంచించుకుపోదు. చెట్టు వలయాల వెంబడి ఎక్కువ, వలయాలకు అడ్డంగా తక్కువ కుంచించుకుపోయి, గుండ్రటిది కోలగా మారుతుంది. కర్రను మరికొంతకాలం ఆరనిచ్చాక తిప్పించి ఉండవలసింది. లోపలి అంచును కాస్త గీకి సరిచేసి ఇచ్చాను. రెండోదానికి నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. కుంకుమ తీసే వేళ్లతోనే మూత పట్టుకుంటారు కదా. నెత్తి మీది పువ్వు రేకల్లోకి కుంకుమ దిగి, అడ్డకోత చెక్క దాన్ని పీల్చుకొని, తెల్లటి పువ్వు ఎర్రగా మారిపోయింది. మైనం అడ్డుకోలేదు. ఆవిడ మాత్రం, "పోనీలే నాయనా, లక్ష్మీదేవికి ఎర్రగానే బాగుంటుంది" అన్నారు. ఇప్పుడు చేస్తున్న జతలో మూత నెత్తిని నున్నగా వదిలి, పువ్వును భరిణె అడుగుకు మార్చాను.